అలకరాయికి మూడు దెబ్బలు

తాబేలుకొండ గనిపెద్ద సూరప్పడు మోకాళ్ళ దాకా రాయైపోయి కూడా నోరు మూయలేదు. దాన్ని గొప్పతనమంటారో మొండితనమంటారో మీ ఇష్టం. నేను మాత్రం మొండితనమనే అంటాను.

"ఓలే తవిటీ! ఏటలా గుడ్లప్పగించి సూస్తన్నావు? ఆ రాయి ఇలా తే. దాగలి మీదెట్టు!" అని గని గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే కూతురి మీద కేకలేశాడు.

తవిటి రాయిని రెండు అరచేతుల మధ్య దాచుకుని వెనక్కి జరిగింది. "ఇయ్యను నాయనా. కొట్టనని ఒట్టెయ్యి, అప్పుడిత్తాను" అంది.

"గనితల్లి ముందర ఏసిన ఒట్టు ఒకటుంది నాకు. మనిసికి ఒకటే ఒట్టు. తే!"

ఆమె ఇంకో అడుగు వెనక్కి వేసేలోపే సూరప్పడు నడుం వంచి, తాటిదూలం లాంటి చెయ్యి చాచి, రాయిని లాక్కుని దాగలి మీద పెట్టి సుత్తితో తట్టాడు. ఒక్కటంటే ఒక్క దెబ్బ. టక్కుమంది. రాయి కత్తితో కోసిన జున్నుముక్కలా రెండుగా విడిపోయింది.

"గుల్లరాయి! మూడు దెబ్బలకు ఆగుద్దనుకున్నావా? ఒక్కదానికే సచ్చింది" అని పక్కనున్న చెత్తకుప్ప మీదికి విసిరేసి, ఆయన తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. ఆ దువ్వుకోవడంలో ఉండగానే, మోకాళ్ళ దగ్గర ఆగి ఉన్న రాతితనం చరచరా పాకి తొడల్లోకి ఎక్కింది.

ఏమిటీ గొడవ అంటారా? చెబుతాను, కంగారు పడకండి.

మేఖలాపురి రాజ్యానికి తూర్పున, మబ్బులు వచ్చి నడుం వాల్చుకునే కొండల వరసలో, బోర్లించిన చిప్పలా ఉంటుంది తాబేలుకొండ. దాని పడమటి పక్కన ఏనుగు అంబారీతో సహా దూరిపోయేంత పెద్ద గని నోరు. లోపల గోడల నిండా అభ్రకం పొరలు పొరలుగా విచ్చుకుని ఉంటుంది. దివిటీ ఎత్తితే చాలు, లక్ష వెండి పళ్ళేలు అప్పుడే తోమి బోర్లించినట్టు తళతళలాడుతుంది. పైకప్పు నుంచి పలుగురాళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. ఆ మధ్యన పచ్చలు పండుతాయి, వైడూర్యాలు పండుతాయి. వాటికి దగ్గర చుట్టమే అయినా వాటన్నిటికంటే అరుదైనది అలకరాయి. తెల్లసుద్ద గూళ్ళలో ఏడాదికి ఒకటి కనబడితే గొప్ప. నెమలి మెడలోని నీలాన్ని కొబ్బరినీళ్ళలో కలిపితే వచ్చే రంగు దానిది. పలుగురాయినైనా గీసేస్తుంది, అంత గట్టిది. కానీ పక్క నుంచి ఒక్క చిన్న దెబ్బ తగిలిందా, అలిగి రెండు ముక్కలైపోతుంది. అందుకే ఆ పేరు.

మరి ఆ గనిలో ఆచారం ఏమిటి? ఏ రాయైనా సరే గనిపెద్ద చేతి సుత్తితో మూడు దెబ్బలు తిని, చెక్కుచెదరకుండా నిలిచాకే గడప దాటాలి. సూరప్పడి ముత్తాత కాలంలో ఒక పగులురాయి చూసుకోకుండా రాజుగారి కిరీటంలోకి వెళ్ళింది. పట్టాభిషేకం విందులో అది ఊడి రాజుగారి పాయసంలో పడింది, రాజుగారి పన్ను విరిగింది. అప్పటి నుంచీ ఈ ఒట్టు. దెబ్బలు తినని రాయి గడప దాటితే గనితల్లికి కోపం వచ్చి కొండ మొత్తం కూలబడుతుందని, లోపలున్న నలభై మందీ పచ్చడైపోతారని వాళ్ళ నమ్మకం. కాబట్టి దొరికిన ప్రతి అలకరాయినీ నాలుగు తరాల గనిపెద్దలు భక్తిశ్రద్ధలతో పగలగొట్టి చెత్తలో పోశారు. ఆ చెత్తకుప్ప ముందు నిలబడి నేను ఏడ్వాలో నవ్వాలో మీరే చెప్పండి!

ఏడ్చినవాడు ఒకడున్నాడు. ధూమ్రజంఘుడనే మాంత్రికుడు. వాడికి మోకాళ్ళ కింద కాళ్ళు లేవు, పొగ ఉంది. ఏదో హోమంలో వేలుపెట్టబోయి కాలు పెట్టాడట. పగలని అలకరాయిని దగ్గర పెట్టుకుని ఆ హోమం సరిగ్గా చేస్తే ఆ పొగ మళ్ళీ కండ అవుతుందని తెలుసుకుని, పన్నెండేళ్ళుగా గని చుట్టూ తిరుగుతున్నాడు. లోపలికి వెళదామంటే గని గాలి వాడి పొగకాళ్ళను ఊదేస్తుంది. బయటే నిలబడి చూద్దామంటే సూరప్పడు వాడి కళ్ళెదుటే టక్కున పగలగొట్టేస్తాడు. ఆ ఉదయం ఇంకొకటి పగిలేసరికి వాడికి పిచ్చెత్తిపోయింది.

"ఓరి రాతిమనిషీ! నువ్వే రాయివైపో!" అని బూడిద చల్లాడు. "సూర్యుడు కుంగేసరికి నీ గుండె రాయవుతుంది. పగలని అలకరాయిలోంచి ఎండ నీ మీద పడితేనే నీకు విముక్తి. పడనిస్తావా? నీ ప్రాణాన్ని నీ చేత్తోనే పగలగొట్టుకుంటావు!" అని ఇకిలించి, గుప్పుమని మాయమయ్యాడు.

వాడి నోట్లో నిప్పులు పొయ్య, సరిగ్గా అన్నట్టే జరిగింది. తవిటి పరుగున పోయి మూడో గవిలో, అంటే కొండలోపలి మూడో గుహలో, తాను ఎప్పుడో చూసి పెట్టుకున్న రాయిని తెచ్చింది. దాని గతి ఏమైందో ఇప్పుడే చూశారు.

"నాయనా, నువ్వు సచ్చిపోతావు" అంది తవిటి. తల్లి పోయాక తొమ్మిదో ఏట నుంచీ ఈ తండ్రి వెంటే గునపం పట్టి తిరిగింది. ఆయన లేని గనిని ఆమె ఊహించుకోలేకపోయింది.

సూరప్పడు కూతురి బుగ్గ మీది మట్టి తుడిచాడు. "నానొక్కడినే కదే అమ్మీ సచ్చేది. లోన నలభై మందున్నారు. ఆళ్ళకీ పిల్లలున్నారు" అన్నాడు మెల్లగా. ఆ వెంటనే తన మామూలు గొంతుకు వచ్చేశాడు. "ఏడో గవిలో ఇంకోటుందని మా అయ్య సెప్పేవోడు. కోడిగుడ్డంత ఉంటాదంట. తెచ్చుకో. దాన్నీ కొట్టి సూత్తాను!"

తవిటి కళ్ళు తుడుచుకుంది. కొప్పు బిగించింది. "ఓరి కేతిగా! దివిటీ అట్టుకుని బేగి రా!" అని కేకేసింది.

ఈ కేతిగాడు ఎవరయ్యా అంటే, మేఖలాపురి యువరాజు శశాంకకేతుడు. నలభై రోజులు ఒళ్ళు వంచి పని చేసి వస్తేగాని పట్టం కట్టనని తండ్రి పట్టుబడితే, మారువేషంలో వచ్చి పన్నెండు రోజులుగా మట్టితట్టలు మోస్తున్నాడు. మారువేషం బాగానే కుదిరింది. నోరే కుదరలేదు.

"ఓ సాహసవతీ! నీ పితృదేవుని ప్రాణరక్షణార్థం ఈ దేహము..." అని మొదలుపెట్టాడు.

"ఏటి బాసరా అది? జొరమొచ్చిందేటి? నడు!"

ఇద్దరూ లోపలికి పరుగందుకున్నారు. ఆ గవులు కొండ కడుపులో మెట్టు మెట్టుగా పైకి పోతాయి. ఒకటో గవిలో గబ్బిలాలు, రెండో గవిలో బురద, మూడు, నాలుగు గవులలో పనివాళ్ళు. అయిదోదాంట్లో వంగి నడవాలి, ఆరోదాంట్లోకి పాకి వెళ్ళాలి. ఆరో గవిలో పైనుంచి సెలయేరొకటి దూకి, సొరంగం వెంట కిందికి, గని నోటి దాకా పారుతుంది. ఒడ్డున మట్టి కడిగే చెక్కదోనె ఒకటి బోర్లించి ఉంది. అక్కడి దాకానే మనుషులు వెళతారు. ఏడో గవిలోకి ఎవరూ వెళ్ళరు. ఎందుకంటే అక్కడ రాతికప్ప ఉంటుంది.

ఉంది కూడా. ఇల్లంత కప్ప! వీపు నిండా పలుగురాళ్ళ మొటిమలు, గొంతు కింద సంచిలా వేలాడే తోలు. నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అది గురక పెట్టినప్పుడల్లా పైకప్పు నుంచి అభ్రకం పొడి వెండి వానలా రాలుతోంది. చుట్టూ తెల్లసుద్ద గోడ, మంచుతో మెత్తినట్టు. ఆ గోడలో, సరిగ్గా కప్ప గడ్డం కింద, చిన్న గూడు. ఆ గూట్లో దివిటీ వెలుగు తగలగానే నీలంగా, పచ్చగా, మళ్ళీ నీలంగా ఊపిరి తీసింది కోడిగుడ్డంత అలకరాయి.

"అహో! సముద్రగర్భమున..."

"ష్!"

తవిటి కప్ప గడ్డం కిందికి పాకింది. ఉలి వాడే వీల్లేదు, గునపం ముట్టుకునే వీల్లేదు. గోళ్ళతో సుద్ద గీకింది. గట్టిగా ఉన్నచోట ఉమ్మితో తడిపింది. కప్ప ఊపిరి వదిలినప్పుడు ఆపింది, పీల్చినప్పుడు గీకింది. చివరికి రాయి పాలపన్ను ఊడినట్టు మెత్తగా చేతిలోకి వచ్చింది. ఆమె ఆనందం పట్టలేక దాన్ని ముద్దు పెట్టుకోబోయి, పళ్ళు తగులుతాయేమోనని భయపడి ఊరుకుంది.

"దీన్ని దేంట్లో ఎట్టాలి? మెత్తటిదేటైనా ఉందా?" అని గుసగుసలాడింది.

యువరాజు తన మొలలోని ఆకుపొట్లం వైపు చూశాడు. అందులో పొద్దున్న దాచుకున్న రాగిసంకటి ముద్ద ఉంది. రాజభోజనాలు మరిచిపోయి పన్నెండు రోజులైంది, ఇప్పుడు ఆ ముద్దంటే ప్రాణం. "ఇది నా మధ్యాహ్న భోజనం" అన్నాడు దీనంగా, మొట్టమొదటిసారి మామూలు తెలుగులో.

"మా అయ్య పేణంరా కేతిగా."

యువరాజు ముద్ద విప్పి ఇచ్చాడు. తవిటి సంకటిని చీల్చి, రాయిని నడుమ పెట్టి, మళ్ళీ గుండ్రంగా చేసి ఆకులో చుట్టింది. అంతా బాగానే ఉంది. అప్పుడే అభ్రకం పొడి యువరాజు ముక్కులోకి పోయింది. మూతి బిగించాడు, ముక్కు నులుముకున్నాడు, కులదైవాన్ని తలుచుకున్నాడు. లాభం లేకపోయింది.

హాచ్చ్!

గురక ఆగిపోయింది. పళ్ళెమంత కన్ను ఒకటి తెరుచుకుంది.

ఇద్దరూ కాళ్ళకు బుద్ధి చెప్పారు. వెనక నుంచి నాలుక వచ్చింది, మూడు బారల నాలుక, బంక కారుతూ. దివిటీని చప్పరించి మింగింది. ఇంకోసారి వచ్చి యువరాజు తలపాగా లాక్కుపోయింది. మూడోసారి వచ్చేసరికి ఇద్దరూ ఆరో గవిలో పడ్డారు. తవిటి దోనెను వెల్లకిలా తిప్పి నీళ్ళలోకి తోసింది. "ఎక్కు! పొట్లం నువ్వట్టుకో! నాను తెడ్డేత్తాను!"

"దెబ్బ తగిలితేనో?"

"నీకు తగల్నీ, రాయికి తగల్నీకు!"

కప్ప దబ్బుమని ఏట్లోకి దూకింది. దాని దూకుడుకు లేచిన అల దోనెను ఎత్తి సొరంగంలోకి విసిరింది. ఇహ చూడండి! చిమ్మచీకటి, జారుడునీళ్ళు, తల తీసే పైకప్పు. యువరాజు దోనెలో వెల్లకిలా పడుకుని పొట్లాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు.

"కుడేపు రాయి!" అని నీళ్ళ చప్పుడును బట్టి అరిచింది తవిటి.

చేతులు ఎడమకు తిప్పాడు. మోచెయ్యి గోడకు గీరుకుపోయింది.

"కప్పు కిందికొత్తంది!"

చేతులు పొట్ట మీదికి దించి, తల అడ్డం పెట్టాడు. ఠంగుమని తలకు తగిలింది.

"రాయికేనా తగిలింది?"

"కాదు, నాకే!"

"ఒలమ్మ, బతికించావు!"

పాపం, మేఖలాపురి సింహాసనానికి వారసుడి తలకు అంతటి మర్యాద ఆ జన్మలో జరగలేదు. అయినా ఏమనుకున్నాడో తెలుసా? నవ్వాడు. నవ్వు ఆగలేదు. తవిటికీ నవ్వొచ్చింది. మృత్యువు వెనకాల కప్పరూపంలో ఈదుకుంటూ వస్తుంటే, ఇద్దరూ చీకట్లో పగలబడి నవ్వుకుంటూ జలపాతం అంచు మీంచి కిందికి పడ్డారు.

దోనె ముక్కలైంది. తవిటి రెండో గవి బురదలో మునిగి తేలింది. యువరాజు వీపు విమానం మోత మోగింది గాని, ఛాతీ మీద రెండు చేతుల మధ్య పొట్లం పొట్లంలాగే ఉంది. పైన సొరంగం మలుపులో కప్ప ఇరుక్కుపోయి, బుగ్గలు పూరించి, ఇదేం ఖర్మరా అన్నట్టు బెకబెకమంది. తవిటి సంకటి విప్పి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ మూసింది.

"ఉంది. అలగలేదు" అంది. అప్పుడు మాత్రం ఏడ్చేసింది.

వీళ్ళిలా ఉండగా, గని నోటి దగ్గర ఏం జరుగుతోందో మీకు చెబుతాను, వాళ్ళకు మాత్రం చెప్పకండి. ఎవరో మజ్జిగ అమ్ముకునే అవ్వ వచ్చి, సూరప్పడి పక్కనే చేరి, కొంగుతో ఆయనకు విసురుతోంది. పాదాలు కనబడకుండా చీర నేల మీద జీరాడుతోంది. ఆ చీర అంచు కింది నుంచి సన్నగా పొగ వస్తోంది. కుంపటి దగ్గర నుంచి వచ్చానని చెప్పింది. నలభై ఏళ్ళు రాళ్ళ గుట్టు విప్పిన సూరప్పడికి మనుషుల గుట్టు తెలియదు. మజ్జిగ బాగుందని రెండు ముంతలు తాగాడు కూడా.

తవిటి, యువరాజు ఒకటో గవిలోంచి బయటపడేసరికి సూర్యుడు పడమటి కొండల మీద గడ్డం ఆనించాడు. సూరప్పడికి నడుం పోయింది, పొట్ట పోయింది, రాతితనం రొమ్ము కిందికి వచ్చేసింది. పైన ముఖం, భుజాలు, సుత్తి పట్టిన చెయ్యి మాత్రం యథాప్రకారం ఉన్నాయి. పనివాళ్ళందరూ చుట్టూ మూగి ఉన్నారు.

"దొరికిందేటే? ఇలా తే" అన్నాడు. గొంతులో గాలి సరిగా ఆడటం లేదు. చెయ్యి మాత్రం చాచాడు.

"నాయనా, నీ కాళ్ళట్టుకుంటాను..."

"నా కాళ్ళు రాళ్ళయిపోనాయి. అట్టుకున్నా నాకు తెలీదు. తే."

అప్పుడు యువరాజు ముందుకొచ్చి, ఒంటి మీది బురదతో సహా ఛాతీ విరిచి, "గనిపెద్దా! నేను కేతిగాణ్ణి కాను. మేఖలాపురి యువరాజు శశాంకకేతుణ్ణి. నా ఆజ్ఞ. ఆ రాయిని కొట్టరాదు!" అన్నాడు.

తవిటి నోరు వెళ్ళబెట్టింది. పనివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సూరప్పడు ఆయన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "యువరాజులవారా! దండాలు బాబూ. మరి రాజుగారి పన్ను ఇరిగింది తమరి వంశంలోనే కదా? అందుకేనండి మూడు దెబ్బలు" అన్నాడు.

యువరాజు నాలుకతో తన పళ్ళు తడుముకున్నాడు.

"ఆ పొట్లం ఇలా అట్రండిరా" అని సూరప్పడు ఆజ్ఞాపించాడు. ఇద్దరు పనివాళ్ళు ఇష్టం లేకుండానే తవిటి వైపు కదిలారు. వాళ్ళ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆమె వెనక్కి, వెనక్కి, అభ్రకపు గోడ దాకా వెళ్ళి ఆగిపోయింది. వీపుకు వెచ్చగా తగిలింది. చల్లటి గనిలో గోడ వెచ్చగా ఉండటమేమిటి? తల తిప్పి చూసింది. కుంగుతున్న సూర్యుడు గని నోట్లోంచి నేరుగా లోపలికి చూస్తున్నాడు. ఎండ సూరప్పడి భుజం పక్క నుంచి వచ్చి గోడ మీద పడి, అభ్రకానికి తగిలి, మళ్ళీ బయటికే పరిగెడుతోంది.

రాయి గడప దాటక్కర్లేదు! ఎండే లోపలికొచ్చింది!

"ఓరి యువరాజా! రేకు! రేకు పీకు!" అని అరిచింది.

తిట్టో పిలుపో తెలియకపోయినా యువరాజుకు విషయం తెలిసింది. గోడ నుంచి చేటంత అభ్రకపు రేకు ఒక్క ఊపున ఊడబెరికి, ఎండకు ఎదురుగా ఎత్తి పట్టాడు. వెలుగు ఒకసారి పైకప్పు మీద గంతేసింది, ఒకసారి పనివాళ్ళ కళ్ళల్లో పడి వాళ్ళను గుడ్డివాళ్ళను చేసింది. అటూ ఇటూ తిప్పి, చివరికి సూరప్పడి రొమ్ము మీద నిలబెట్టాడు. తవిటి సంకటిని గబగబా ఒలిచేసి రాయిని ఆ వెలుగుకు అడ్డం పెట్టింది.

ఒక్కసారిగా గని నిండా నీటిలోపలి పగలు వచ్చింది. నీలం, ఆకుపచ్చ, వాటి మధ్య పేరు లేని రంగు, గోడల మీద ఈదుతూ పోయాయి. ఆ వెలుగు సూరప్పడి రొమ్ముకు తగిలింది.

"ఎవడ్రా నా మీద సన్నీళ్ళు పోసింది?" అని గావుకేక పెట్టాడు ఆయన.

రొమ్ము మీది రాయి ఎండిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. పొట్ట బయటపడింది, నడుం బయటపడింది. మోకాళ్ళు పటపటలాడాయి. ఆఖరికి కాలి బొటనవేలు ఒకటి కదిలింది. పనివాళ్ళ కేకలు, ఈలలు! సూరప్పడు లేచి నిలబడ్డాడు, తూలాడు, తన కాళ్ళను తానే నమ్మలేక ఒకటి రెండు గంతులేశాడు. వేసి, గడప బయట పడ్డాడు.

తవిటి ఇంక ఆగలేదు. "నాయనా!" అంటూ పరుగెత్తుకెళ్ళి, రాయితో సహా గడప దాటి తండ్రిని వాటేసుకుంది.

పనివాళ్ళు గుండెలు చేత్తో పట్టుకుని పైకి చూశారు. సూరప్పడూ చూశాడు. దెబ్బ తినని రాయి గడప దాటింది. కొండ కూలలేదు. ఒక గబ్బిలం అటు నుంచి ఇటు ఎగిరింది, అంతే.

ఆయన తల తిప్పి చెత్తకుప్ప వైపు చూశాడు. ఆ నీలపు ముక్కలన్నీ సాయంత్రపు ఎండలో మెరుస్తున్నాయి. సుత్తి చేతిలోంచి జారిపోయింది. "ఎన్ని కొట్టేసానే అమ్మీ!" అన్నాడు. "ఎన్నెన్ని కొట్టేసానే!" అంటూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తవిటి ఆయన వీపు నిమిరింది.

"ఊరుకో నాయనా, ఊరుకో. ఏదీ తల్లీ, ఆ రాయి ఒక్కసారి ఈ ముసలిదాని కళ్ళకు చూపించు" అంటూ మజ్జిగ అవ్వ దగ్గరికొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళున్న తవిటి ఆలోచించకుండా చెయ్యి చాపింది.

గుప్పు! ముంత ఎటో పోయింది, చీర ఎటో పోయింది. ధూమ్రజంఘుడు రాయిని పిడికిట బిగించి నేల నుంచి బారెడు ఎత్తు లేచాడు. "పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళకు దొరికిందిరా!" అని ఆకాశం దద్దరిల్లేట్టు నవ్వాడు.

యువరాజు అభ్రకపు రేకు అవతల పారేసి, పులిలా దూకి వాడి కాళ్ళు పట్టుకున్నాడు. పొగ! చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మళ్ళీ ఎగిరి ఈసారి మొలతాడు దొరకబుచ్చుకున్నాడు. మాంత్రికుడు పైకి లేచాడు, యువరాజు వేలాడుతూ వెంట లేచాడు. తాటిచెట్టంత ఎత్తులో వాడు అటు ఊగితే ఈయన ఇటు ఊగాడు.

"వదలరా రాచకుంకా! జారిపోతుంది!"

"జారనీ! నేల మీదే తేల్చుకుందాం!"

"పిచ్చివాడా! ఈ రాయి వెలుగుతో బతికినవాడి ప్రాణం ఈ రాయిలోనే ఉంటుంది. ఇది చిట్లిన క్షణం ఆ ముసలాడు మళ్ళీ నిలువునా రాయే!"

యువరాజు కాళ్ళు కొట్టుకోవడం ఠక్కున మానేశాడు. వాడిని కొట్టడానికి లేదు, గిల్లడానికి లేదు, వదిలి కింద పడదామంటే నేల ఎక్కడో కిందుంది. మాంత్రికుడు తూలుతూ, ఒక చేత్తో మొలతాడు కాపాడుకుంటూ, ఇంకో చేతి వేళ్ళ కొసలతో రాయిని పట్టుకుని పడమటి కొండల వైపు సాగాడు. కింద తవిటి కొంగు రెండు చేతులా చాచి, వాడి నీడ ఎటు పోతే అటు ముళ్ళూ రాళ్ళూ చూడకుండా పరుగెత్తింది. ఆమె వెనకే, వచ్చి పావుగంటైనా కాని కాళ్ళతో సూరప్పడు పరుగెత్తాడు. చేతులు రెండూ ఆకాశానికెత్తి, నలభై ఏళ్ళు రాళ్ళు కొట్టిన మనిషి గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఒరే బాబూ! మాంత్రికుడా! మెల్లగారా నాయనా! ఒంటిసేత్తో కాదు, రెండుసేతులా అట్టుకో! కడుపుకానించుకో! దేనికీ తగల్నీకు! కొట్టకురా, నీకు దండవెడతాను, కొట్టకు!"